గౌను అంచు పైకెళ్తే మార్కెట్ బాగున్నట్టేనా? క్లాసులో చెప్పింది మింగుడు పడట్లేదు

మూడోకుట్టు
ఫ్యాషన్ డిజైన్ రెండో ఏడాది చదువుతున్నాను. నిన్న మా లెక్చరర్ బోర్డు మీద ఒక గ్రాఫ్ గీశారు. 1920ల్లో డబ్బు బాగా ఆడింది, గౌన్లు మోకాలి దాకా పైకెళ్లాయి. 1930ల్లో మాంద్యం, గౌన్లు కిందికి దిగాయి. 1960ల్లో మళ్లీ డబ్బు, మినీ స్కర్టు. 1970ల్లో చమురు సంక్షోభం, మళ్లీ పొడుగు. "గౌను అంచు చూసి షేర్ మార్కెట్ చెప్పేయొచ్చు" అని ముగించారు. అందరూ నవ్వుకుంటూ రాసేసుకున్నారు.

నాకు ఒళ్లు మండింది. మరి 1940ల్లో యుద్ధం, తిండికే కటకట, అయినా గౌన్లు మోకాలి దగ్గరే ఉన్నాయి కదా అని అడిగాను. "అది మినహాయింపు" అన్నారు. ఆరేళ్ల ప్రపంచ యుద్ధం మినహాయింపేమిటండీ! సమాజం, డబ్బు తలకిందులైనప్పుడు ఆడవాళ్ల బట్టలు ఎలా మారతాయో వచ్చే వారంలోపు పది పేజీలు రాయాలి. గ్రాఫ్‌ని నమ్మి రాసేయనా, ఎదురు తిరగనా?

పాతబీరువా
దాన్ని హెమ్‌లైన్ ఇండెక్స్ అంటారు. జార్జ్ టేలర్ అనే అమెరికా ఆర్థికవేత్త పేరు మీద 1920ల నుంచి తిరుగుతోంది. తమాషా ఏమిటంటే ఆయన పరిశోధన చేసింది మేజోళ్ల పరిశ్రమ మీద. డబ్బున్నప్పుడు పట్టు మేజోళ్లు కనబడేలా గౌను పొట్టిగా, లేనప్పుడు కాళ్లు దాచుకునేలా పొడుగ్గా అన్నది జనం చెప్పుకునే కథ. అది పాకి పాకి షేర్ మార్కెట్ దాకా వెళ్లింది.

లెక్కలపిచ్చి
దీన్ని నిజంగా లెక్కేసినవాళ్లున్నారు. రాటర్‌డామ్‌లోని ఎరాస్మస్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు పరిశోధకులు 1921 నుంచి 2009 దాకా నెలనెలా గౌన్ల పొడవు తీసుకుని, అమెరికా ఆర్థిక స్థితితో పోల్చారు. 2010లో వచ్చింది ఆ పత్రం. సంబంధం ఉందన్నారు, కానీ ముందు ఆర్థిక స్థితి మారుతుంది, సుమారు మూడేళ్ల తర్వాత గౌను మారుతుంది. గౌను చూసి షేర్లు కొనడమంటే పెళ్లయిన మూడేళ్లకి ముహూర్తం చూసుకోవడమే.

అంటే మీ లెక్చరర్ పూర్తిగా తప్పు కాదు. బాణం గుర్తు తిరగేసి గీశారు, అంతే.

కత్తెరమేళం
లెక్కలపిచ్చి గారూ, ఆ మూడేళ్లకి 1929 లొంగదు. మార్కెట్ కూలింది అక్టోబరులో. పారిస్‌లో జాన్ పటూ అనే డిజైనర్ పొడుగు గౌన్లు చూపించింది అంతకు ముందే, ఆ వేసవిలో. దానికి ముందు రెండేళ్ల నుంచే అంచులు ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి వేలాడేలా కుడుతున్నారు, రుమాలు మూలలు దిగినట్టు. పొట్టి గౌను మొహం మొత్తిందంతే. పొడుగు మొదలయ్యాక మార్కెట్ కూలింది, దాంతో కథ కుదిరింది.

మూడోకుట్టు
అయితే గ్రాఫ్ చింపేయొచ్చన్నమాట! కానీ దాని బదులు ఏం రాయాలి?

దారంకండె
నేను పుస్తకాలవాణ్ణి కాను. ఇరవై ఆరేళ్లుగా కుట్టు పని చేస్తున్నాను. బట్ట రేటు పెరిగినప్పుడు మేం గౌను పొడవు ముట్టుకోం. పొడవు కస్టమర్ అద్దంలో చూసుకుంటుంది. ముందు కోత పడేది లోపల. కుట్టు పక్కన వదిలే బట్ట అర అంగుళం నుంచి పావు అంగుళానికి వస్తుంది. కింద మడత మూడు అంగుళాల నుంచి ఒకటిన్నరకి. తర్వాత లైనింగ్ పోతుంది. ఆ తర్వాత జేబు. చివర్లో కుచ్చులు తగ్గిస్తాం. బయటికి అదే గౌను. రెండేళ్ల తర్వాత వదులు చేయమని తెస్తే మాత్రం లోపల ఏమీ ఉండదు, అప్పుడు తెలుస్తుంది గడ్డుకాలం ఎక్కడ దాక్కుందో.

యుద్ధం సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నా తల్లీ. అప్పట్లో ప్రభుత్వాలే కత్తెర పట్టుకున్నాయి. అమెరికాలో 1942లో ఎల్-85 అని ఉత్తర్వు వచ్చింది. గౌను కింద మడత రెండు అంగుళాలు మించకూడదు. స్కర్టు ఘేరుకి, అంటే కింది చుట్టుకొలతకి, హద్దు పెట్టారు. మా పనివాళ్లు చేసే దొంగతనమే, కాకపోతే చట్టం చేసి చేశారు.

పాతబీరువా
బ్రిటన్‌లో ఇంకా గట్టిగా జరిగింది. 1941 జూన్ నుంచి బట్టలకు రేషన్. మొదటి ఏడాది మనిషికి 66 కూపన్లు, అందులో ఒక ఉన్ని గౌనుకే 11 పోతాయి. తర్వాత కూపన్లు ఇంకా తగ్గించారు. బొత్తాలు ఎన్ని, కుచ్చులు ఎన్ని, జేబులు ఎన్ని అని నిబంధనలు. ఎంబ్రాయిడరీ కుదరదు. అలా తయారైనవాటి మీద సీసీ41 అని ముద్ర ఉండేది. 1940ల్లో గౌను మోకాలి దగ్గర ఆగడానికి కారణం ఇదీ. మీ లెక్చరర్ మినహాయింపు అన్నది నిజానికి ఉత్తర్వు.

లెక్కలపిచ్చి
సరే, ఒప్పుకున్నా. కానీ "యుద్ధం వస్తే బట్ట తగ్గుతుంది" అని ఇంకో గ్రాఫ్ గీసెయ్యకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో తిరగబడింది. 1915, 16ల్లో గౌను పొట్టిదైంది కానీ ఘేరు విపరీతంగా పెరిగింది. దాన్ని యుద్ధపు క్రినోలిన్ అనేవాళ్లు (క్రినోలిన్ అంటే గౌను గొడుగులా విచ్చుకునేలా లోపల వేసుకునే పాతకాలపు లంగా). యుద్ధం మధ్యలో ఎక్కువ బట్ట! దీనికేం చెబుతారు?

కత్తెరమేళం
అంతకు ముందు వేసుకున్నది చూడాలి. 1910 ప్రాంతంలో హాబుల్ స్కర్టు. చీలమండల దగ్గర ఎంత బిగుతంటే అడుగు తీసి అడుగు వేయడం కష్టం. యుద్ధం వచ్చాక ఆడవాళ్లు ట్రాముల్లో కండక్టర్లయ్యారు, ఆయుధాల ఫ్యాక్టరీలకు వెళ్లారు. బ్రిటన్‌లో యుద్ధం ముగిసేనాటికి ఆ ఫ్యాక్టరీల్లోనే 9 లక్షలకు పైగా ఆడవాళ్లు. హాబుల్ స్కర్టుతో ట్రామెక్కి టికెట్లు కొట్టమనండి చూద్దాం. పొట్టిగా, వెడల్పుగా ఉంటే కాలు ఆడుతుంది. అక్కడ కొరత బట్టకి కాదు, మగవాళ్లకి.

నిద్రలేనిపక్షి
హాబుల్ స్కర్టులో బస్సు వెనక పరిగెత్తడం ఊహించుకుని ఆఫీసులో గట్టిగా నవ్వేశాను. మేనేజర్ చూశాడు.

బొత్తాంఊడింది
అందరూ అంచు పట్టుకు వేలాడుతున్నారు. నేను జేబు గురించి మాట్లాడతా.

18వ శతాబ్దంలో ఆడవాళ్లకి జేబులుండేవి, అదీ పెద్ద పెద్దవి. నడుముకి నాడాతో కట్టుకునే సంచులు. వెడల్పాటి గౌను కింద దాగిపోయేవి, పక్కన చీలిక లోంచి చెయ్యి పెట్టి తీసుకునేవాళ్లు. ఫ్రెంచి విప్లవం తర్వాత గౌను సన్నగా, గ్రీకు విగ్రహంలా ఒంటికి అంటుకునేలా మారింది. కింద సంచి కడితే ఉబ్బి కనబడుతుంది. కాబట్టి జేబు బయటికొచ్చి చేతి సంచి అయింది. రెటిక్యూల్ అన్నారు. అదిగో, అప్పుడు పోయిన జేబు ఇప్పటికీ సరిగ్గా రాలేదు. నా ప్యాంటుకున్న జేబులో రెండు వేళ్లు పడతాయి, ఫోను పట్టదు.

నిద్రలేనిపక్షి
రాజు తల పోయింది, మన జేబు పోయింది.

అమావాస్య
స్వేచ్ఛ, సమానత్వం, హ్యాండ్‌బ్యాగ్.

పాతబీరువా
నవ్వులాటలో ఒక మంచి విషయం జారిపోతోంది. ఆ సన్నని తెల్ల గౌను విప్లవంలో పుట్టలేదు. 1783లో రాణి మరీ ఆంట్వానెట్ అలాంటి నూలు గౌనులో బొమ్మ వేయించుకుంది. చిత్రకారిణి విజే ల బ్రూన్. ప్రదర్శనలో పెడితే గోల. రాణి లోపలి బట్టలతో కూర్చుందని ఒకరు, దేశంలో పట్టు పరిశ్రమ ఉండగా విదేశీ నూలు కట్టిందని ఒకరు. ఆ బొమ్మ తీసేసి పట్టు గౌనుతో ఇంకోటి పెట్టాల్సి వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి ఆ నూలు గౌనే రాణిని దించినవాళ్ల ఫ్యాషన్. బట్ట అదే, అర్థం తిరగబడింది. మూడోకుట్టూ, మీ పది పేజీల్లో ఒక పేజీ దీనికివ్వండి.

బొత్తాంఊడింది
ఇంకోటి. 1793 అక్టోబరులో విప్లవ ప్రభుత్వం ఎవరికి నచ్చిన బట్టలు వాళ్లు వేసుకోవచ్చని డిక్రీ ఇచ్చింది. కాకపోతే "తమ తమ లింగానికి తగినవి" అని మెలిక. ఏడేళ్లకే, 1800లో, పారిస్ పోలీసులు ఆడవాళ్లు ప్యాంటు వేసుకోవాలంటే అనుమతి తీసుకోవాలన్నారు. తర్వాత సడలింపులిచ్చారు: చేతిలో సైకిల్ హ్యాండిల్ గానీ గుర్రం కళ్లెం గానీ ఉంటే ఫర్వాలేదట. ఆ రూలు చెల్లదని ప్రభుత్వం చెప్పింది 2013లో!

నిద్రలేనిపక్షి
సైకిల్ హ్యాండిల్ ఒకటి విడిగా చేత్తో పట్టుకు తిరిగితే సరిపోయేది.

అమావాస్య
ఇందాకటి నుంచి చదువుతున్నా. రాణులు, పారిస్, పట్టు మేజోళ్లు. ఫ్యాషన్ చరిత్ర అంటే కొత్త బట్ట కొనగలిగినవాళ్ల చరిత్రేనా?

నా చిన్నప్పుడు నాన్న ఉద్యోగం పోయింది. నాలుగేళ్లు నాకు కొత్త గౌను లేదు. అమ్మ ఏటా పాత గౌను కింద మడత విప్పి దించేది. దించిన చోట అడ్డంగా గీత కనబడేది. మడత లోపలున్న బట్ట ముదురు రంగు, బయటిది వెలిసిన రంగు, మధ్యలో మురికి పట్టిన అరుగుదల గీత. ఆ గీత మీద లేసు కుట్టేది. మరుసటేడు ఇంకో లేసు. బళ్లో ఒకమ్మాయి నా గౌను మీది లేసులు లెక్కపెట్టి నేను ఏ క్లాసు నుంచి అది వేసుకుంటున్నానో చెప్పింది, చెట్టు వయసు చెప్పినట్టు. అంచు కిందికి దిగడమంటే మా ఇంట్లో అర్థం ఇదీ. టేలర్ గారు ఇది కొలిచి ఉంటే నమ్మేదాన్ని.

మూడోకుట్టు
అక్కా, ఇది చదివి కాసేపు ఏం టైపు చేయాలో తెలియలేదు.

దారంకండె
అమావాస్య గారూ, మీ అమ్మగారికి దించడానికి మడత దొరికిందంటే ఆ గౌను మొదట కుట్టినవాళ్లు మంచివాళ్లు. ముందుచూపున్న వాళ్లు పిల్లల గౌనుకి నడుము కింద రెండు మూడు టక్కులు, అంటే అడ్డంగా కుట్టిన మడతలు, వేసి ఉంచేవాళ్లు. చూడ్డానికి అలంకారం, అసలు పని ఏటా ఒకటి విప్పడం.

కత్తెరమేళం
అమావాస్య అడిగినదానికి జవాబుంది. అమెరికాలో 1930ల మాంద్యంలో పల్లెల్లో ఆడవాళ్లు పిండి సంచులతో, కోళ్ల దాణా సంచులతో గౌన్లు కుట్టుకునేవాళ్లు. అది చూసి కంపెనీలు సంచుల మీద పూలు, గళ్లు అచ్చు వేయడం మొదలుపెట్టాయి. కంపెనీ పేరు మాత్రం ఉతికితే పోయే రంగుతో. పెద్ద సంచులు మూడుంటే ఒక గౌను. అంటే అట్టడుగు నుంచి పుట్టిన అలవాటు వెనక కంపెనీలే పరిగెత్తాయి. దాణా కోసం వెళ్లిన మొగుడికి "మొన్నటి పూలదే తీసుకురా" అని చెప్పి పంపేవాళ్లట. వాడు అన్ని బస్తాలు కదిపి అట్టడుగున ఉన్నది లాగాలి.

లెక్కలపిచ్చి
బాగుంది. ఇప్పుడు నాకు అర్థం కాని ఒకే ఒక్క ఏడాది, 1947. ఐరోపా చితికిపోయి ఉంది. బ్రిటన్‌లో బట్టల రేషన్ ఇంకో రెండేళ్లు ఉంటుంది. అలాంటప్పుడు ఫిబ్రవరి 12న పారిస్‌లో డియోర్ అనే డిజైనర్ సన్నటి నడుము, పిక్కల దాకా దిగే స్కర్టు చూపించాడు. కొన్నింటికి ఇరవై గజాల దాకా బట్ట. డబ్బు లేదు, బట్ట లేదు, పని బోలెడంత ఉంది. మీ సిద్ధాంతాలన్నిటి ప్రకారం ఇది ఫెయిలవ్వాలి. జనం ఎగబడ్డారు.

పాతబీరువా
అందరూ ఎగబడలేదు. పారిస్ వీధిలో ఫోటోలకి నిలబడిన మోడళ్ల మీద పడి ఆడవాళ్లే ఆ బట్టలు చించారు. బ్రిటన్ మంత్రి స్టాఫర్డ్ క్రిప్స్‌కి ఒళ్లు మండింది. ఇక డియోర్‌కి పెట్టుబడి పెట్టిందెవరనుకున్నారు? మార్సెల్ బుస్సాక్, బట్టల మిల్లుల యజమాని. ఇరవై గజాల గౌను వల్ల ఎవరికి లాభమో విడిగా చెప్పాలా?

బొత్తాంఊడింది
దానికి తోడు, మగవాళ్లు యుద్ధం నుంచి తిరిగొచ్చారు. ఫ్యాక్టరీల్లో ఉన్న ఆడవాళ్లని ఇంటికి పంపాలి. నడుము బిగించి, లోపల మళ్లీ కార్సెట్ లాంటిది పెట్టి, మిషను దగ్గర నిలబడలేని గౌను. నాకు అందులో మంచి ఉద్దేశమేమీ కనబడదు.

కత్తెరమేళం
నాకు ఈ వాదనతో పేచీ. ఆరేళ్లు యూనిఫాం లాంటి కోట్లు, చచ్చు రంగులు, రెండు అంగుళాల మడత. ఆ తర్వాత కాళ్ల చుట్టూ గిరగిరా తిరిగే బట్ట దొరికితే ఆశపడరా? ఆశపడ్డ ప్రతి ఆడదాన్నీ ఎవరో మోసం చేశారనడం కూడా ఆమెని తక్కువ చేయడమే.

అమావాస్య
ఈసారి కత్తెరమేళం వైపు. లాక్‌డౌన్‌లో ఏడాదిన్నర నైట్ ప్యాంటులో బతికా. మీటింగులకి పైన మాత్రం మంచి టాప్, కెమెరాలో కనబడేంత వరకు. బయటికొచ్చిన మొదటి నెలలో జీతం సగానికి తగ్గి ఉంది, అయినా నేలమీద ఈడ్చుకుపోయే పసుప్పచ్చ గౌను కొన్నా. ఎక్కడికి వేసుకెళ్లాలో తెలీదు. ఇంట్లో వేసుకుని అంట్లు తోమా. మిల్లు యజమాని ఎవరూ నా చెవిలో ఊదలేదు.

బొత్తాంఊడింది
మిల్లు యజమాని చెవిలో ఊదడు, ఫోనులో రోజుకి నలభై ప్రకటనలు చూపిస్తాడు. సరే, పసుప్పచ్చ గౌనుకి జేబులున్నాయా?

అమావాస్య
ఉన్నాయి. అందుకే కొన్నా.

నిద్రలేనిపక్షి
డబ్బు లేనప్పుడు ఆడవాళ్లు లిప్‌స్టిక్ కొంటారంటారు కదా, అది నిజమేనా? నా ఉద్యోగం పోయినప్పుడు నేను కొన్నది పరుపు. ఎందుకంటే మధ్యాహ్నం కూడా పడుకోవచ్చు.

లెక్కలపిచ్చి
ఎస్టే లాడర్ కంపెనీ అధిపతి లెనార్డ్ లాడర్ 2001 మాంద్యంలో అన్న మాట అది. లిప్‌స్టిక్ అమ్మేవాడు లిప్‌స్టిక్ సిద్ధాంతం చెప్పాడు. 2008 తర్వాత లిప్‌స్టిక్ అమ్మకాలు పడిపోయాయి. 2020లో మాస్కు వచ్చి అసలు పెదవులే కనబడలేదు.

పాతబీరువా
కొరత ఉన్న వస్తువే మోజు. నైలాన్ మేజోళ్లు చూడండి. 1940లో అమెరికా అంతటా అమ్మకానికొచ్చాయి, 1942 నాటికి నైలాన్ మొత్తం పారాచూట్లకి మళ్లింది. ఆడవాళ్లు కాళ్లకి రంగు పూసుకుని, వెనక ఐబ్రో పెన్సిల్‌తో కుట్టు గీత గీసుకునేవాళ్లు. యుద్ధం అయ్యాక 1946లో పిట్స్‌బర్గ్‌లో 13,000 జతలు వచ్చాయంటే 40,000 మంది క్యూ కట్టారు. కొట్లాటలు కూడా అయ్యాయి.

దారంకండె
వెనక గీత తిన్నగా గీయడం ఒంటరిగా కాదు. ఇంకో మనిషి ఉండాలి. ఆ రోజుల్లో చెల్లెళ్లున్నవాళ్లు అదృష్టవంతులు.

కత్తెరమేళం
మినీ స్కర్టుకి కూడా "డబ్బుంది కాబట్టి పైకెళ్లింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మేజోళ్లూ లోదుస్తూ కలిసిన టైట్స్ అప్పుడే వచ్చాయి. అవి లేకపోతే అంత పొట్టిది వేసుకోవడం కుదరదు, పాత మేజోళ్ల పైభాగం కనబడుతుంది. పైగా బ్రిటన్‌లో పిల్లల బట్టలకి కొనుగోలు పన్ను లేదు. పిల్లలదా పెద్దలదా అని తేల్చేది పొడవుతో. స్కర్టు ఎంత పొట్టిదైతే అంత పన్ను మిగులు! జీతం తెచ్చుకునే పద్దెనిమిదేళ్ల అమ్మాయిలు పిల్లల రేటుకి కొనుక్కున్నారు. పన్ను వాళ్లు తెలుసుకుని ఛాతీ కొలత కూడా చేర్చారు.

ఇక 1970 తప్పక రాయండి. అమెరికాలో మాంద్యం. సిద్ధాంతం ప్రకారం పొడుగు రావాలి. పత్రికలు, డిజైనర్లు, దుకాణాలు అందరూ కలిసి పిక్కల దాకా వచ్చే మిడీని నెత్తిన రుద్దబోయారు. ఆడవాళ్లు సంఘాలు పెట్టుకుని మరీ వద్దన్నారు. సరుకు కొట్లలో మూలిగింది. మినీకీ మిడీకీ మధ్య ఏది ఎంచుకోవాలో తేలక చాలామంది ఏం చేశారంటే, ప్యాంటు కొన్నారు.

మూడోకుట్టు
ఇది గ్రాఫ్‌లో లేదు! ప్యాంటుకి అంచు ఎక్కడ కొలుస్తారు మరి!

లెక్కలపిచ్చి
ఓటమి అంగీకరిస్తున్నా. ఆ రోజు నుంచే కొలబద్ద చచ్చింది.

బొత్తాంఊడింది
న్యూయార్క్‌లో 1980 ఏప్రిల్‌లో బస్సులు, సబ్‌వే సమ్మె. పదకొండు రోజులు. ఆఫీసు సూటు వేసుకుని కాళ్లకి పరుగుల బూట్లు తొడుక్కుని నడిచారు ఆడవాళ్లు, హైహీల్స్ సంచిలో. సమ్మె అయిపోయింది, బూట్లు మాత్రం ఉండిపోయాయి. నేను ఇవాళ్టికీ అలాగే వెళ్తా. ఇంటర్వ్యూకి ఒకసారి బూట్లు మార్చుకోవడం మర్చిపోయా. ఉద్యోగం రాలేదు, కాళ్లు నొప్పి పుట్టలేదు.

అమావాస్య
అన్నీ డబ్బు, యుద్ధం అంటున్నారు. రాజ్యం సంగతో? ఇరాన్‌లో 1936లో రాజు ముసుగు నిషేధించాడు, పోలీసులు వీధిలో లాగేసేవాళ్లు. 1979 విప్లవం తర్వాత తల కప్పుకోకపోతే శిక్ష. ఒక ముసలామె ఒక్క జీవితంలో రెండూ చూసి ఉంటుంది, బీరువా మారలేదు, పోలీసు మారాడు. దీన్ని ట్రెండ్ అనగలమా? పది పేజీల్లో దీనికి చోటుండాలి.

మోడరేటర్
జేబుల గురించి వచ్చిన 14 పోస్టులను వేరే చర్చకి మార్చాను. కొలతలతో ఫోటోలు అక్కడే పెట్టండి. ఇక్కడ అసలు విషయం నడవనివ్వండి.

బొత్తాంఊడింది
జేబే అసలు విషయం. సరే, వెళ్తున్నా.

మూడోకుట్టు
రెండు రోజులు కూర్చుని తేల్చుకున్నా. పది పేజీలూ కింద మడత మీద రాస్తున్నా. ప్రభుత్వం మడతని రెండు అంగుళాలకి కట్టడి చేసింది, దారంకండె గారు ఒకటిన్నరకి తెచ్చారు, అమావాస్య అక్క వాళ్లమ్మ మొత్తం విప్పేశారు, డియోర్ ఇరవై గజాలు కుమ్మరించాడు. గ్రాఫ్ కొలిచేది అంచు ఎక్కడుందని. నేను అంచు లోపల ఎంత బట్ట మిగిలిందో రాస్తా. లెక్చరర్ మార్కులు వేస్తారో లేదో గానీ రాయడానికి హుషారుగా ఉంది.

రిపోర్టుకి నమూనాగా నా పాత స్కూలు గౌను ఒకటి విప్పాను. మడత గీత అలాగే ఉండిపోయింది, ఇస్త్రీకి పోవట్లేదు. దారంకండె గారూ, ఏం చేయాలి?

దారంకండె
నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి, గుడ్డ తడిపి ఆ గీత మీద వేసి ఇస్త్రీ పెట్టె నొక్కమ్మా. ముందు ఓ మూల చిన్న ముక్క మీద చూసుకో. మడత గీత చాలామటుకు పోతుంది. రంగు తేడా మాత్రం పోదు. నమూనా కదా, దాన్ని అలాగే ఉంచు.

అమావాస్య
లేసు కావాలంటే నా దగ్గరుంది. మూడు రకాలు.